ఆ రక్తపరీక్ష మొదటి రోజే రాయండి

మానసిక వైద్యానికి చికిత్స మార్గదర్శకాలు రాసే కమిటీల సభ్యులకు, ఆ రంగంలో పరిశోధనలకు నిధులు మంజూరు చేసే పెద్దలకు,

నమస్కారం.

నేను డాక్టర్ని కాను. ముప్పయ్యేళ్లుగా పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నవాణ్ణి. బి విటమిన్ల గురించి మీకు తెలియనిది చెప్పేంత చదువు నాకు లేదు. మీకు బాగా తెలిసిన సంగతే రోగి కూర్చునే కుర్చీదాకా ఎందుకు రావడం లేదని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. ఆమెకు 68 ఏళ్లప్పుడు మాట తగ్గింది. ఎవరైనా ఇంటికొస్తే లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయేది. రాత్రి నిద్ర ఉండేది కాదు, పగలు ఏ పనీ మొదలుపెట్టేది కాదు. "బాగోలేదురా, ఎక్కడని అడిగితే చెప్పలేను" అనేది. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. డిప్రెషన్ అన్నారు, మందు రాశారు. పద్నాలుగు నెలల్లో మందు మూడుసార్లు మారింది. డోసు ఎన్నిసార్లు మారిందో లెక్కల మాస్టారినైన నాకే గుర్తు లేదు. మనవళ్ల పేర్లు తడబడితే "వయసు కదా" అన్నారు. చీకట్లో నడుస్తూ తూలితే "మందు మత్తు" అన్నారు. ఆ డాక్టర్ని తప్పుపట్టడం లేదు. ఆయన ఓపిగ్గా విన్నారు. మొదటి రోజే రక్తపరీక్ష కూడా చేయించారు. హీమోగ్లోబిన్ 12.4 వచ్చింది. "రక్తం బాగుందమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో అటువైపు చూడడం అందరం మానేశాం.

తూలడం ఎక్కువై ఒకరోజు బాత్‌రూమ్‌లో పడింది. అప్పుడు నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. కుర్రవాడు. సొరుగులోంచి రెండు కొమ్ముల స్టీలు ఫోర్కు తీశాడు. మా స్కూలు ల్యాబులో శృతిదండం అంటాం దాన్ని. అరచేతి అంచుకేసి కొట్టి, దాని కాడను అమ్మ కాలి బొటనవేలి ఎముక మీద ఆనించాడు.

"జుమ్మంటోందా అమ్మా?"

"చల్లగా తగులుతోంది బాబూ."

"చల్లదనం కాదమ్మా, వణుకు. వణుకు తెలుస్తోందా?"

"లేదు."

అదే ఫోర్కు తీసి నా మోచేతి ఎముక మీద పెట్టాడు. ఇంకా మోగుతూనే ఉంది, ఆ జుమ్మనడం నా భుజందాకా పాకింది. మళ్లీ కొట్టి చీలమండ మీద పెట్టాడు. అమ్మకు తెలియలేదు. మోకాలి చిప్ప మీదికి వచ్చాక "ఆ, ఇప్పుడు" అంది. ఆయన ఫోర్కు పక్కన పెట్టి రెండే ప్రశ్నలు అడిగాడు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ల నుంచి? తొమ్మిదేళ్లు. గ్యాస్‌కు బిళ్ల ఏమైనా? రోజూ పొద్దున్నే. బి12 పరీక్ష రాశాడు. ల్యాబు వాళ్ల కింది హద్దు 200 ఉంటే అమ్మకు 108 వచ్చింది.

ఇక్కడినుంచి మీ సంగతి. హీమోగ్లోబిన్ మామూలుగా ఉండి, ఎర్రకణాల సైజు పెరగకుండానే బి12 లోపం నరాలనూ మనసునూ దెబ్బతీయగలదని లిండెన్‌బామ్ అనే డాక్టరు బృందం 1988లోనే రాసింది. బి12 లోపం వల్ల నరాలు, మనసు దెబ్బతిన్న 141 మందిని వాళ్లు చూశారు. అందులో 40 మందికి రక్తహీనత గానీ కణాల ఉబ్బు గానీ లేవు. అంటే వందకు 28 మంది. "రక్తం బాగుంది" అనే మాట మా అమ్మలాంటి వాళ్ల విషయంలో చెల్లదని అచ్చయి మూడున్నర దశాబ్దాలు దాటింది. మెట్‌ఫార్మిన్ బి12ను తగ్గిస్తుందనేదీ పాత సంగతే. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2022లో ఆ మందు వాడేవాళ్లలో లోపం లక్షణాలుంటే బి12 చూడమని డాక్టర్లకు మళ్లీ గుర్తుచేసింది. కడుపులో ఆమ్లం తగ్గించే బిళ్లలు రెండేళ్లకు మించి వాడినవాళ్లలో ఈ లోపం ఎక్కువని 2013లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం చూపించింది. షుగరు డాక్టరుకు ఇది తెలుసు, పొట్ట డాక్టరుకు తెలుసు. అమ్మ మాత్రం ఆ రెండు బిళ్లలూ మింగుతూ మానసిక వైద్యుడి ఎదుట కూర్చుంది.

ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. అద్భుతం జరిగిందని రాయను. మూడు నెలలకు నడక కుదుటపడింది, పేర్లు గుర్తుకు రావడం మొదలైంది. దిగులు కొంత తగ్గింది గానీ మొత్తం పోలేదు. డిప్రెషన్ మందు తక్కువ డోసులో ఇప్పటికీ వేసుకుంటోంది, దానివల్ల మేలు కూడా ఉంది. విటమిన్ ఇస్తే చాలు మానసిక వైద్యం అక్కర్లేదని వాదించేవాళ్లు ఈ ఉత్తరాన్ని తమ వైపు సాక్ష్యంగా లాక్కోవద్దు. వాళ్లతో నాకు పేచీ ఉంది, ఆ సంగతికి వస్తాను.

మానసిక వైద్య చరిత్రలో బి విటమిన్లది చిన్న పాత్రేమీ కాదు. స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ 1735లో గుర్తించిన పెల్లాగ్రా వ్యాధి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో విరుచుకుపడింది. చర్మం పగలడం, విరేచనాలు, చివరికి మతి చలించడం. పిచ్చాసుపత్రుల్లో పడకలకు పడకలు ఆ రోగులతో నిండాయి. అది అంటువ్యాధి అనే చాలామంది నమ్మారు. 1914లో ఆ పని మీద అమెరికా ప్రభుత్వం పంపిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒక చిన్న విషయం పట్టుకున్నాడు: ఆస్పత్రుల్లో, అనాథాశ్రమాల్లో లోపలివాళ్లకే జబ్బు వస్తోంది, వాళ్లకు సేవ చేసే సిబ్బందికి రావడం లేదు. అంటువ్యాధి ఉద్యోగిని చూసి ఆగదు కదా. తిండిలో తేడా ఉందన్నాడు. తిండి మార్చి జబ్బు రాకుండా చేశాడు. 1915లో మిసిసిపీలోని జైలు వ్యవసాయ క్షేత్రంలో క్షమాభిక్ష హామీతో ఖైదీలకు నాసి తిండి పెడితే 11 మందిలో ఆరుగురికి జబ్బు వచ్చింది. అయినా నమ్మనివాళ్ల కోసం 1916లో రోగుల రక్తం తానే ఎక్కించుకున్నాడు, వాళ్ల చర్మపు పొక్కుల పొడిని మింగాడు. ఆయన భార్య మేరీ కూడా రక్తం ఎక్కించుకుంది. ఎవరికీ జబ్బు రాలేదు. ఆ లోపించిన పదార్థం నియాసిన్ అనే బి విటమిన్ అని 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ తేల్చేనాటికి గోల్డ్‌బర్గర్ లేడు.

పిచ్చి అని గదిలో పెట్టి తాళం వేసిన మనిషి నియాసిన్‌తో లేచి మాట్లాడాడంటే ఆ విజయం ఎంత మత్తెక్కిస్తుందో ఊహించవచ్చు. ఎక్కించింది కూడా. 1950లలో కెనడాలోని సస్కాచెవాన్‌లో హంఫ్రీ ఆస్మండ్, అబ్రమ్ హాఫర్ స్కిజోఫ్రీనియాకు గ్రాముల కొద్దీ నియాసిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. లోపం ఉన్నా లేకపోయినా ఇచ్చారు. 1968లో నోబెల్ గ్రహీత లైనస్ పౌలింగ్ దానికి సిద్ధాంతం కట్టి "ఆర్థోమాలిక్యులర్" అని పేరు పెట్టాడు. ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ ఫలితాలు నిలబడలేదు. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ కమిటీ ఆ వాదనను తోసిపుచ్చింది. సరైన తీర్పే. కానీ నాకనిపించేది, ఆ తీర్పుతోపాటు విటమిన్ అనే మాటే మానసిక వైద్యంలో పరువు తక్కువదైపోయిందని. పెరట్లో పాము కనబడిందని పెరటి తలుపే మూసేసుకున్నట్టయింది.

తర్వాత జరిగిన పరిశోధనలు నాకు అర్థమైనంతవరకు చదివాను. చదువుతుంటే ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురైంది: ఇచ్చేముందు కొలిచారా?

2000లో కాపెన్, బెయిలీ 127 మంది డిప్రెషన్ రోగులకు ఫ్లుయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందుతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం (ఫోలేట్ అనే బి విటమిన్‌కు బిళ్ల రూపం) గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. ఆడవాళ్లలో మేలు కనిపించింది, మగవాళ్లలో లేదు. వాళ్లు రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థాన్ని కూడా కొలిచారు కాబట్టి ఒక ఆనవాలు దొరికింది. ఫోలేట్, బి12 కలిసి హోమోసిస్టీన్‌ను మెథియోనిన్ అనే మరో పదార్థంగా మారుస్తాయి. మెదడు తన రసాయనాలను తయారు చేసుకోవడానికి కావలసిన సరుకు ఆ దారిలోనే అందుతుంది. ఈ రెంటిలో ఏది తక్కువైనా హోమోసిస్టీన్ పేరుకుంటుంది. ఆ పరీక్షలో ఆడవాళ్లలో అది బాగా తగ్గింది, మగవాళ్లలో పెద్దగా తగ్గలేదు. అంటే డోసు చాలకపోయి ఉండవచ్చు.

వేల్స్‌లో జరిగి 2014లో ఫలితాలు వచ్చిన ఫోలేటెడ్ ట్రయల్ ఇంకా పెద్దది. 475 మందికి 12 వారాలపాటు మందుతో పాటు రోజుకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. ఉపయోగం లేదని తేలింది. నిజాయితీగా చేసిన పరీక్ష, తప్పుపట్టను. కానీ ఫోలేట్ లోపం ఉన్నవాళ్లను అందులో ముందే పక్కన పెట్టారు. ఆ ఫలితం చెప్పేదల్లా లోపం లేనివాళ్లకు అదనంగా ఇస్తే లాభం లేదని. దాన్ని "డిప్రెషన్‌కు ఫోలేట్ పనిచేయదు" అని చదువుకోవడం వేరే తప్పు.

మా క్లాసులో 40 మంది పిల్లలున్నారు. వాళ్లలో ఆరుగురికి బోర్డు సరిగా కనపడదు అనుకోండి. నేను ఎవరి కళ్లూ పరీక్ష చేయించకుండా 40 మందికీ ఒకే పవరు కళ్లద్దాలు పంచి, సంవత్సరం చివర క్లాసు సగటు మార్కులు చూసి "కళ్లద్దాలతో లాభం లేదు" అని హెడ్మాస్టరుకు రిపోర్టు ఇస్తే ఆయన నన్నేమంటాడు? ఆ ఆరుగురి లాభం మిగతా 34 మందిలో కలిసిపోతుంది. పైగా ఆ 34 మందిలో కొందరికి తలనొప్పి కూడా వస్తుంది.

కళ్లు పరీక్ష చేసి ఇచ్చినవాళ్లు లేకపోలేదు. లండన్‌లో 1990లో గాడ్‌ఫ్రే బృందం డిప్రెషన్, స్కిజోఫ్రీనియాతో వచ్చిన 123 మందిలో ముందుగా ఎర్రకణాల ఫోలేట్ కొలిచింది. 41 మందికి తక్కువగా ఉంది. మామూలు చికిత్స కొనసాగిస్తూ వాళ్లకే రోజుకు 15 మిల్లీగ్రాముల మిథైల్‌ఫోలేట్ (ఫోలేట్‌లో ఒక రూపం) గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఆరు నెలలు ఇచ్చారు. విటమిన్ తీసుకున్నవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. చిన్న పరీక్షే. అయితే ప్రశ్న సరిగ్గా అడిగిన పరీక్ష. ఇదే పద్ధతిలో పదింతల మందితో చేసి చూద్దామని ఎవరికీ ఎందుకు తోచలేదు? తోచే ఉంటుంది. బి12కు పేటెంట్ లేదు, దాని కోసం ఏ కంపెనీ కోట్లు పెట్టదు. కంపెనీ పెట్టనిచోట పెట్టడానికే మీరున్నారు.

ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ స్మిత్, హెల్గా రెఫ్సమ్ 2010లో ప్రచురించిన విటాకాగ్ ఫలితాలు నాలాంటివాడికి పండగ. జ్ఞాపకశక్తి కొంచెం తగ్గిన, 70 దాటిన 168 మందికి రెండేళ్లు ఫోలిక్ ఆమ్లం, బి12, బి6 గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి, ముందూ తర్వాతా మెదడు స్కాన్ తీశారు. మొత్తం మీద మెదడు కుంచించుకుపోయే వేగం దాదాపు 30 శాతం తగ్గింది. మొదట్లో హోమోసిస్టీన్ 13 దాటినవాళ్లను విడిగా చూస్తే 53 శాతం తగ్గింది. అది తక్కువగా ఉన్నవాళ్లకు చెప్పుకోదగ్గ లాభం లేదు. ముందే కొలిచి ఉండకపోతే మనకు ఆ 30 ఒక్కటే కనిపించేది.

స్కిజోఫ్రీనియాలోనూ ఇదే కథ. జోసెఫ్ ఫర్త్ బృందం 2017లో 18 ట్రయల్స్ ఒకచోట చేర్చి చూస్తే మామూలు మందులకు తోడు ఎక్కువ డోసు బి విటమిన్లు ఇచ్చినప్పుడు లక్షణాలు తగ్గినట్టు కనిపించింది, జబ్బు వచ్చి ఎక్కువకాలం కానివాళ్లలో మరింతగా. కానీ ఆ 18లో ఉన్న మొత్తం రోగులు 832 మందే. ట్రయల్‌కు 50 మంది కూడా పడరు. దానిమీద మార్గదర్శకం రాయమని నేను అడగను. పెద్ద పరీక్ష చేయడానికి ఆ కారణం చాలదా అని అడుగుతాను.

లోపం ఉందని తెలిశాక ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం న్యాయమా అంటారేమో. కాదు. నా తల్లికి 108 అని తెలిసి సున్నపు బిళ్ల ఇస్తానంటే నేనూ ఒప్పుకోను. కానీ లోపం స్పష్టంగా ఉన్నవాళ్లకూ స్పష్టంగా లేనివాళ్లకూ మధ్య సరిహద్దులో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఇవ్వాలో వద్దో ఇవాళ ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేరు. ట్రయల్ పెట్టాల్సింది అక్కడ. స్పష్టంగా లోపం ఉన్నవాళ్లకు వెంటనే ఇచ్చేసి, మానసిక లక్షణాలు ఏ నెలలో ఎంత తగ్గాయో రాసిపెట్టండి చాలు. వేల మంది అలా ఏటా చికిత్స పొందుతున్నారు, వాళ్ల నడకా హీమోగ్లోబినూ రాస్తున్నారు, దిగులు సంగతి ఎవరూ రాయడం లేదు.

ఇప్పుడు ఇందాక చెప్పిన పేచీ. విటమినే కదా, వేసుకుంటే పోయేదేముంది అనేవాళ్లు ఎక్కువ. పోయేది ఉంది. బి6 తీసుకోండి. 2022లో రీడింగ్ విశ్వవిద్యాలయంలో యువతకు రోజుకు 100 మిల్లీగ్రాములు నెలపాటు ఇస్తే టెన్షన్ కొంత తగ్గిందని వచ్చింది. వార్త చూసి బిళ్లలు కొనుక్కున్నవాళ్లు ఉంటారు. అదే బి6ను రోజుకు గ్రాముల్లో మింగినవాళ్లకు కాళ్లూ చేతులూ మొద్దుబారి నడక పోయిందని 1983లోనే ఏడుగురి కథ అచ్చయింది. 2023లో యూరోప్ ఆహార భద్రతా సంస్థ రోజుకు 12 మిల్లీగ్రాములు దాటవద్దంది. నరాలు బాగుపడతాయని తిన్న బిళ్లే నరాలను తినేయగలదు. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే బి12 లోపం వల్ల వచ్చిన రక్తహీనత సర్దుకుంటుంది, నరాల దెబ్బ మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది 2016లో వచ్చిన సీక్వెల్ ట్రయల్. బైపోలార్ జబ్బులో దిగులు దశలో ఉన్న 202 మంది అప్పటికే క్వెటియాపిన్ అనే మందు మీద ఉన్నారు. కొందరికి లామోట్రిజిన్ అనే మరో మందు చేర్చారు, కొందరికి ఫోలిక్ ఆమ్లం, కొందరికి రెండూ. లామోట్రిజిన్ వల్ల లాభం కనిపించింది. ఫోలిక్ ఆమ్లం కూడా తీసుకున్నవాళ్లలో ఆ లాభం మాయమైంది! రోజుకు 500 మైక్రోగ్రాములే అది, చాలా మల్టీవిటమిన్ బిళ్లల్లో దాదాపు అంత ఉంటుంది. మందులచీటీ రాసేటప్పుడు "ఇంకేమైనా బిళ్లలు వాడుతున్నారా" అని అడిగితే విటమిన్లు మందులు కావనుకుని రోగి వాటి పేరు చెప్పడు. విటమిన్ల పేరెత్తి మరీ అడగాలి. మీ మార్గదర్శకంలో ఆ ప్రశ్న అచ్చంగా ఆ మాటల్లోనే ఉండాలి.

అతిగా తాగేవాళ్ల విషయంలో థయమిన్ (బి1 విటమిన్) గురించి మీకు నేను చెప్పేదేముంది. ఒక్కటి మాత్రం: హార్పర్ బృందం 1986లో శవపరీక్షల్లో వెర్నికీ వ్యాధి (థయమిన్ లోపం వల్ల మెదడుకు వచ్చే జబ్బు) తేలిన 131 మంది రికార్డులు తిరగేస్తే, బతికుండగా గుర్తించింది 20 శాతం మందినే. పుస్తకంలో రాసిన మూడు లక్షణాలూ కలిసి కనిపించింది 16 శాతం మందిలోనే. ఆ మూడూ కనిపించాక థయమిన్ ఇద్దామని ఆగే వార్డు ఇంకా ఉంటే అది ఆ వార్డు తప్పు కాదు, వాళ్ల చేతికి సరైన కాగితం అందలేదు.

నేను కోరేది పెద్దదేం కాదు. మానసిక సమస్యతో మొదటిసారి వచ్చిన మనిషికి థైరాయిడ్ పరీక్ష రాసినట్టే బి12, ఫోలేట్ కూడా రాయాలని మార్గదర్శకంలో ఒక వాక్యం చేర్చండి. అందరికీ ఎందుకు, అనవసరం అనుకుంటే కనీసం వయసు మళ్లినవాళ్లకు, మెట్‌ఫార్మిన్ లేదా ఆమ్లం బిళ్లలు ఏళ్లుగా వాడేవాళ్లకు, పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకు, జంతువుల నుంచి వచ్చే ఆహారం ఏదీ తీసుకోనివాళ్లకు, రెండో మందు కూడా పనిచేయనివాళ్లకు రాయండి. రక్తం తీసింది విటమిన్ బిళ్ల మొదలుపెట్టకముందే అయి ఉండాలి. "ముందు బి కాంప్లెక్స్ వేసుకోండి, తర్వాత చూద్దాం" అంటే ఆ తర్వాత చూసే అంకెకు అర్థం ఉండదు. బి12 సరిహద్దులో వస్తే, అది లోపించినప్పుడు రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ ఆమ్లం చూడాలని, కిడ్నీ దెబ్బతిన్నా ఆ ఆమ్లం పెరుగుతుందని పక్కనే రాయండి. నిధులిచ్చేవారికి ఒకే మాట: విటమిన్ ట్రయల్ దరఖాస్తు మీ ముందుకొస్తే, రోగుల రక్తంలో దాని మోతాదు మొదట్లో ఎంతో కొలుస్తారా అని చూడండి. కొలవకపోతే వెనక్కి పంపండి.

పోయిన నెల మళ్లీ ఆ నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. శృతిదండం చీలమండ మీద పెడితే అమ్మకు తెలిసింది. బొటనవేలి మీద ఇప్పటికీ తెలియడం లేదు. మేం ఇంకా ముందొచ్చి ఉంటే అక్కడా స్పర్శ తిరిగి వచ్చేదా అని అడిగాను. "బహుశా" అన్నాడు. మొదటి రోజు తీసిన ఆ రక్తపు ట్యూబులోనే ఇంకొక పరీక్షకు సరిపోయేంత రక్తం ఉండి ఉంటుంది.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు